నవ్వితే తప్పు, ఏడిస్తే తప్పు: భర్తను పోగొట్టుకున్న ఒక విశ్వాసి కేసు

వరంగల్ చుట్టుపక్కల సంఘాల్లో కౌన్సెలింగ్ చేసేవాళ్లకు, పాస్టరమ్మలకు, స్త్రీల కూడికలు నడిపేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాం. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం. ఊరు, సంఘం, ఇంటి వృత్తి, కుటుంబంలో కొన్ని వరసలు మార్చాం. మార్చనివి రెండే: ఆమె బాధ, అది తగ్గిన క్రమం.

నేపథ్యం

నలభై దాటిన మనిషి. హన్మకొండకు బస్సులో గంటలోపు వచ్చే మండల కేంద్రంలో చిన్న కిరాణా దుకాణం, వెనక రెండెకరాల పత్తి చేను. భర్త జనవరిలో గుండెపోటుతో పోయాడు. ఇంట్లో డిగ్రీ చదివే కొడుకు, డెబ్బై దాటిన అత్త. ఆడబిడ్డది పక్క ఊరే. మూడు తరాలుగా క్రైస్తవ కుటుంబం. పెళ్లికి ముందు నుంచే ఆమె కీర్తనలు పాడేది, సండే స్కూల్ పిల్లలకు వాక్యాలు నేర్పేది. భర్త నలుగురినీ నవ్వించే రకం. దుకాణం ముందు బల్ల మీద సాయంత్రమైతే నలుగురు చేరేది ఆయన మాటల కోసమే. ఈ సంగతి మొదట్లో ఎవరూ చెప్పలేదు, మెల్లగా బయటికొచ్చింది. కేసు తిరిగింది దాని మీదే.

ఏ బాధతో వచ్చింది

సెప్టెంబర్ చివర్లో కొడుకు తీసుకొచ్చాడు. "అమ్మ నవ్వుతలేదు సార్, ఎనిమిది నెలలాయె" అన్నాడు. తలనొప్పి, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, అన్నం సగంలో లేవడం, దుకాణంలో లెక్క తప్పడం ఇవన్నీ అడిగితే చెప్పాడు గానీ, ముందు నోట్లోంచి వచ్చింది నవ్వు మాటే.

ఆమెతో విడిగా కూర్చున్నాక అసలు విషయం తెలిసింది. భర్త పోయిన పదకొండో రోజు ఇంట్లో ఆదరణ కూడిక. అన్నాలు పెట్టే వేళ ఆడబిడ్డ మనవడు, నాలుగేళ్ల పిల్లగాడు, ప్రార్థన చేసిన పెద్దాయన గొంతును అచ్చు దింపి "ఆమెన్" అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. వెనక నుంచి బంధువు ఒకామె అంది: "పది దినాలు గాలే, పండ్లు బయటవెట్టె." అప్పట్నుంచి ఎవరేమన్నా కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. కొన్నాళ్లకు కొంగు పెట్టుకోవాల్సిన అవసరమే రాకుండా పోయింది.

ఇది సగం. మిగతా సగం సంఘంలో జరిగింది. ఆదివారం పూట ఆమె వెనక బెంచీలో ఏడుస్తుంటే ఓదార్చడానికి వచ్చినవాళ్లంతా ఒకే వాక్యం చెప్పారు: "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి." పాస్టరుగారూ ప్రసంగంలో అదే తీసుకున్నారు. ఆమెను ఉద్దేశించి కాదు, కానీ ఆమె అలాగే విన్నది. చివరకు తన పరిస్థితిని తనే ఇలా చెప్పుకుంది: "నవ్వితే మొగుణ్ణి మరిసినట్టు, ఏడిస్తే దేవుణ్ణి నమ్మనట్టు. ఇంకేం జెయ్యాలె మేడం?"

ఈ ఒక్క మాట చుట్టూనే తర్వాతి నిర్ణయాలన్నీ తీసుకున్నాం. నవ్వు లేకపోవడం ఆమె జబ్బు కాదు. ఏడుపుకూ నవ్వుకూ రెండింటికీ ఒకేసారి తాళం పడింది. అందులో ఒక్క నవ్వు తాళమే తీద్దామంటే అది రాదు.

ముందు తేల్చుకోవాల్సినవి

ఆధ్యాత్మిక సంగతులు మాట్లాడేముందు ఇది దుఃఖమా, డిప్రెషనా, ఒంట్లో లోపమా అని చూడాలి. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు చదివి వినిపించాం. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. ఆమెకు 13 వచ్చింది. 10 నుంచి 14 అంటే మధ్యస్థం.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. చాలామంది కౌన్సిలర్లు దాన్ని గబగబా చదివేసి దాటేస్తారు, విశ్వాసిని అలా అడగడం ఇబ్బందని. దాటెయ్యకూడదు. ఆమె "ఆయన దగ్గరికి పోతే మంచిగుండు" అంది. దుఃఖంలో ఉన్నవాళ్లు తరచూ అనే మాటే ఇది, కానీ అక్కడితో ఆగకుండా మూడు అడగాలి: చావాలని అనిపించిందా, ఎలా అని అనుకున్నారా, ఎప్పుడని అనుకున్నారా. మూడింటికీ లేదంది. అయినా పత్తి పండించే ఇల్లు కాబట్టి నాలుగో ప్రశ్న కూడా ఉంది: పురుగుల మందు డబ్బాలు ఎక్కడున్నాయి? దుకాణం వెనక గదిలోనే ఉన్నాయి. ఆ వారమే కొడుకు వాటిని మేనమామ ఇంటికి చేర్చాడు. మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416 ఆమె ఫోన్లోనూ కొడుకు ఫోన్లోనూ వేయించాం. ఆ నంబరుకు డబ్బు పడదు, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు.

తర్వాత వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపాం. థైరాయిడ్, షుగర్ మామూలుగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.2. ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, డిప్రెషన్ మందులు ఇప్పుడే వద్దు, నాలుగు వారాలకు మళ్లీ చూద్దామన్నారు. రక్తం తక్కువున్న మనిషికి ఉత్సాహం లేదని మందలించడం వల్ల ఒరిగేదేమీ లేదు. సామెతల 17:22లో "నలిగిన మనస్సు ఎముకలను ఎండిపోజేయును" అన్నది నిజమే. ఎండిన ఒళ్లు మనసును నలిపేస్తుందన్నది కూడా రోజూ కనిపించేదే.

ఏవి పనిచేయలేదు

మా దగ్గరికి రాకముందే ఇంట్లో చేసిన ప్రయత్నం కామెడీ వీడియోలు. కొడుకు రాత్రి పూట ఫోన్లో పాత సినిమాల హాస్య సన్నివేశాలు పెట్టి అమ్మ చేతికిచ్చి చదువుకోడానికి పోయేవాడు. ఆమె చూసేది, నవ్వేది కాదు. నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ గమనించిందేంటంటే, మనుషులు ఒంటరిగా ఉన్నప్పటి కంటే పక్కన మనిషి ఉంటే దాదాపు ముప్పై రెట్లు ఎక్కువగా నవ్వుతారు. పైగా మాటల మధ్య వచ్చే నవ్వుల్లో ఎక్కువ భాగం జోకులకు వచ్చేవి కావు, "ఇగో, ఎవరొచ్చిండ్రో చూడు" లాంటి ఉత్త మాటలకు వచ్చేవి. ఫోన్ ఇచ్చి కొడుకు గది మారడంతోనే ఆ ప్రయత్నం పోయింది.

రెండోది లాఫింగ్ క్లబ్. ఆమె కొన్నాళ్లు హన్మకొండలో అన్న ఇంట్లో ఉంది. దగ్గర్లోని పార్కులో పొద్దున పూట చప్పట్లు కొడుతూ "హో హో, హా హా హా" అనే బృందం ఉంది. డాక్టర్ మదన్ కటారియా 1995లో ముంబైలో ఒక పార్కులో కొద్దిమందితో మొదలుపెట్టిన పద్ధతి ఇది. జోకులు లేకుండా కావాలని నవ్వడం, కాసేపటికి అది నిజం నవ్వుగా మారుతుందని నమ్మకం. దీనికి సరేననడానికి కారణాలున్నాయి. ఖర్చు లేదు, నడక దొరుకుతుంది, ఎండ తగులుతుంది, నలుగురు మనుషులుంటారు. పంపేముందు అడగాల్సినవి అడిగాం: హెర్నియా, ఈమధ్య కడుపు ఆపరేషన్, అదుపులో లేని బీపీ, కంట్లో నీటి ఒత్తిడి, దగ్గితే మూత్రం జారడం. అన్నిటికీ లేదంది.

నాలుగు రోజులు కూడా నిలవలేదు. కారణాలు రెండు. మొదటిది ఊహించదగ్గదే: నవ్వడమే ద్రోహమని నమ్ముతున్న మనిషిని గట్టిగా, అందరి ముందు, కారణం లేకుండా నవ్వమంటే ఆ ద్రోహాన్ని మైకులో చేయమన్నట్టే. రెండోది తర్వాత ఆడబిడ్డ చెప్పింది. దగ్గినా తుమ్మినా నవ్వినా ఆమెకు చీర తడుస్తుంది. కాన్పు తర్వాత నుంచీ ఉంది, ఎవరికీ చెప్పలేదు. ప్రశ్నలు అడిగినప్పుడు పక్కన కొడుకున్నాడు. కొడుకు ముందు అడిగిన ఆ ప్రశ్నకు "లేదు" అని వస్తే అది జవాబు కాదు. నడివయసు ఆడవాళ్లలో ఇది మామూలు సమస్య. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను ఐదు సెకన్లు బిగపట్టి, ఐదు సెకన్లు వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు, మూడు నెలలైనా చేయాలి. బిగించేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, పొట్ట, తొడలు బిగించకూడదు. నర్సు నేర్పింది. ఒంటి భయంతో నవ్వు ఆపుకునేవాళ్లు సంఘాల్లో ఎంతమంది ఉన్నారో! నవ్వు గొప్పదనం మీద ప్రసంగాలు చేసేవాళ్లలో ఈ సంగతి ఎత్తినవాళ్లు కనబడరు.

మూడోది వాక్యాలు కంఠస్థం చేయించడం. సంఘంలో ఒక సోదరి "ఆనందం" అనే మాట వచ్చే వచనాలు కార్డుల మీద రాసిచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. సామెతల 25:20 ప్రకారం దుఃఖచిత్తునికి పాటలు వినిపించడమంటే చలిరోజున పైబట్ట తీసేయడం. ఆ కార్డులు చేసిన పని కూడా అదే.

దారి మార్చిన చోటు

ముందు ఏడుపు తాళం తీద్దామని నిర్ణయించాం. క్రమం ఇలా ఎందుకంటే, ఏడవడం తప్పు కాదని నమ్మని మనిషి నవ్వడం తప్పు కాదన్నా నమ్మదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ పదిహేను నిమిషాలు, అత్తతో కలిసి ఒక కీర్తన చదవడం. 13వ కీర్తనతో మొదలుపెట్టి 88కి వచ్చాం. 88లో చివరి మాట చీకటి గురించే, ఓదార్పు ఏమీ లేకుండానే ముగుస్తుంది. అలాంటిది బైబిల్లో ఉందని ఆమెకు తెలియదు. ఎవరూ చదివి వినిపించరు కదా. యేసు లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచాడు, కాసేపట్లో లేపబోతున్నాడని తెలిసి కూడా. మూడో వారానికి ఆమె అత్త ముందు బాహాటంగా ఏడ్చింది. నిద్ర నాలుగున్నర దాకా సాగింది.

తర్వాత పాస్టరుగారు. ఇక్కడ మర్యాద తప్పితే పని చెడుతుంది. "మీ ప్రసంగం వల్ల" అని మొదలుపెట్టకూడదు. "అయ్యగారూ, ఆమె మీ మాటకు విలువిస్తది, మీరొక్క మాట చెప్తే మేం పది చెప్పినట్టు" అని అడిగాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో 88వ కీర్తన చదివి, ఏడవడం అవిశ్వాసం కాదని చెప్పమన్నాం. ఒప్పుకున్నారు. నవ్వు దగ్గరికొచ్చేసరికి ఆయనకు సందేహం. ఎఫెసీయులకు 5:4లో సరసోక్తులు కూడదని ఉంది కదా, లూకా 6:25లో ఇప్పుడు నవ్వుచున్న వారికి అయ్యో అని ఉంది కదా అన్నారు.

న్యాయమైన సందేహమే, కొట్టిపారేయాల్సింది కాదు. పౌలు రాసిన ఎఫెసీ పత్రికలో ఆ మాట బూతులు, పోకిరిమాటల పక్కన ఉంది. లూకాలో అది కడుపు నిండినవాళ్లతో, ఐశ్వర్యవంతులతో అన్న మాట. నాలుగు వచనాల పైనే, ఏడ్చేవాళ్లు నవ్వుతారని వాగ్దానం ఉంది. బైబిల్ కూడదనే నవ్వు ఏదో తేల్చి చెప్పుకుంటే మిగతాదానికి భయం పోతుంది: ఒకరిని కించపరిచేది, బూతు కలిసినది, సామెతల 26లో ఉన్నట్టు మోసం చేసి "నవ్వులాటకు చేసితిని" అనేది. భర్త చిలిపితనం గుర్తొచ్చి భార్య నవ్వడం ఈ మూడింట్లో ఎందులోకీ రాదు. అయ్యగారు కాసేపు ఊరుకుని, "రాయిమీద రాసినట్టున్నడు పౌలు అనుకున్న ఇన్నిరోజులు, పక్క మాట చూడలే" అన్నారు.

ఆమెకు మాత్రం ఈ వాదన అవసరం పడలేదు. ఆమెను కదిలించింది శారా. ఆదికాండము 18లో ముసలితనంలో కొడుకు పుడతాడన్న దేవుని వాగ్దానం విని శారా గుడారంలో తనలో తాను నవ్వుకుంది, అడిగితే భయపడి నవ్వలేదంది, దేవుడు లేదు, నవ్వావు అన్నాడు. వాగ్దానం మాత్రం వెనక్కి తీసుకోలేదు. 21వ అధ్యాయంలో బిడ్డను ఎత్తుకుని "దేవుడు నాకు నవ్వు కలుగజేసెను" అంది. మా దగ్గరికొచ్చిన ఆమె 21 దగ్గర ఆగలేదు, 18 దగ్గరే ఆగింది. "శారమ్మ గూడ దాసుకున్నదా!" అంది. కొంగు చేతిలోనే ఉంది.

అత్త

అందరికంటే పెద్ద తాళం అత్త చేతిలో ఉంది. ఆమె ఎన్నడూ కోడల్ని ఏమీ అనలేదు. కానీ ఆ ఇంట్లో ఆయన పేరు పలకడం ఆగిపోయింది. కోడలు బాధపడుతుందని అత్త, అత్త బాధపడుతుందని కోడలు. ఇలాంటి ఇంట్లో కోడలితో ఎంత కూర్చున్నా ఉపయోగం తక్కువ, అత్తతో విడిగా మాట్లాడాలి. ఆమె దుఃఖాన్ని కోడలి దుఃఖానికి తోకలా చూడకూడదు. ఆమె పోగొట్టుకున్నది కొడుకును.

"అమ్మా, మీ కొడుకు చిన్నప్పుడు బాగా సతాయించేటోడా?" అని అడిగితే చాలు, మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కొత్తగా భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్ల మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు కెల్ట్‌నర్, బొనానో చేసిన 1997 నాటి పరిశోధనలో కనబడిందీ ఇలాంటిదే: పోయినవాళ్ల గురించి చెబుతూ కళ్లు కూడా ముడుచుకునేలా నవ్వినవాళ్లలో కోపం తక్కువ, నలుగురితో పొత్తు మెరుగ్గా ఉంది. పెదాలు మాత్రమే కదిలే మర్యాద నవ్వుకు ఆ లెక్క వర్తించదు. కాబట్టి చూడాల్సింది నోరు కాదు, కళ్ల పక్క గీతలు.

సకినాల రోజు

డిసెంబర్ వచ్చింది. సంక్రాంతికి ఊరంతా చేసే సకినాలు ఇక్కడి క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్‌కే మొదలవుతాయి. ఆ ఏడు చేయొద్దనుకున్నారు. చేయమని మేమే అడిగాం, ఒక లెక్కతో. సకినాలు చుట్టేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు, కళ్లు కిందికి ఉంటాయి, ఒకరి ముఖం ఒకరు చూడరు. గంటలు పడుతుంది, మధ్యలో లేచిపోలేరు. మాట దానంతటదే నడుస్తుంది. కౌన్సెలింగ్ గదిలో ఇవేవీ దొరకవు.

మనుషులు నలుగురే: ఆమె, అత్త, ఆడబిడ్డ, చిన్నప్పటి స్నేహితురాలు. పదకొండో రోజు కూడికలో ఆ మాట అన్న బంధువును పిలవలేదు. ఫోన్లు లోపలి గదిలో. ఒక్కటే షరతు, ఆయన మాట వస్తే ఆపొద్దు. మూడు కిలోల బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే గిర్నీ పట్టించారు. జల్లించి నువ్వులు, వాము, ఉప్పు కలిపారు. పిండి పలచనైతే చుట్టు నిలవదు, గట్టిదైతే వేళ్ల మధ్య తెగుతుంది. పాత నూలు చద్దరు పరిచి, బొటనవేలు చూపుడువేలు మధ్య మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు. చద్దరు తడి పీల్చుకున్నాకే నూనెలో వేయాలి.

అత్త చుట్టింది ఒకటి వంకరపోయింది. ఆడబిడ్డ చూసి, "ఇగో, అన్న సకినం" అంది. ప్రతి ఏడూ ఆయన వచ్చి పక్కన కూర్చుని నేనూ చుడతానని బర్రె కొమ్ములాంటిది ఒకటి చుట్టి, దాన్నే ముందు వేయించమని పేచీ పెట్టి, అయ్యగారికి పంపే డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టించేవాడు. ఆమెకు నవ్వొచ్చింది. అలవాటుగా కొంగు లాగబోయింది, చేతి నిండా పిండి. పై పెదవి మీద తెల్లగా మీసం పడింది. అత్త అది చూసి నవ్వింది, నలుగురూ నవ్వారు. తర్వాత ఆమె చాలాసేపు ఏడ్చింది. అత్త పిండి చేతులతోనే తల పట్టుకుని, "నవ్వు బిడ్డా, నవ్వినా వాడే, ఏడ్చినా వాడే" అంది.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు చేయకూడనివి ముందే చెప్పి ఉంచాం: "సూసినవా, నవ్వినవ్" అనొద్దు, కొడుక్కు ఫోన్ చేసి చెప్పొద్దు, "దేవుడు నీ దుఃఖం తీసేసిండు" అని ప్రకటించొద్దు. సకినాలు చుట్టడం కొనసాగించాలి, అంతే. ఆ రాత్రి తప్పు చేశానన్న బాధ తిరిగి వస్తుందని కూడా ఆమెకు చెప్పాం, వస్తే ఆడబిడ్డకు ఫోన్ చేయాలని. పదకొండింటికి చేసింది. ముందే తెలిసి ఉండటంతో దాన్ని పాపపు ఒప్పుకోలుగా తీసుకోలేదు.

తర్వాత

సంఘంలో ఆమె చేత సాక్ష్యం చెప్పించాలని కొందరు ఉత్సాహపడ్డారు. ఆరు నెలలైనా వద్దన్నాం. మైకు ముందు "నేనిప్పుడు నవ్వుతున్నాను" అన్న మనిషికి మర్నాడు ఏడుపొస్తే దాక్కోవాల్సి వస్తుంది, కథ మళ్లీ మొదటికి. జనవరిలో ఏడాది జ్ఞాపకార్థ కూడికలో పాట, వాక్యం అయ్యాక, ఆయన గురించి ఒక్కో సంగతి చెప్పుకోడానికి ఇరవై నిమిషాలు పెట్టించాం. ముందు దుఃఖపు మాటలు, తర్వాత చిలిపి మాటలు. దుకాణం బల్ల మీద కూర్చునే మిత్రులు వచ్చారు. అయ్యగారు వంకర సకినం సంగతి చెప్పారు, ఆ డబ్బా ఆయనకే కదా చేరేది.

ఫిబ్రవరిలో పీహెచ్‌క్యూ-9 మళ్లీ చూస్తే 6. హిమోగ్లోబిన్ 11.4. ఇందులో నవ్వు వాటా ఎంత అని అడిగితే విడదీసి చెప్పడం కుదరదు. ఐరన్ ఉంది, నిద్ర ఉంది, గడిచిన కాలం ఉంది, ఇంట్లో ఆయన పేరు తిరిగి వినబడటం ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2012లో అచ్చువేసిన ప్రయోగాల్లో, కలిసి గట్టిగా నవ్వాక మనుషులు నొప్పిని ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. దాన్ని పట్టుకుని నవ్వుతో క్యాన్సర్ పోతుందని వాట్సాప్‌లో పంపేవాళ్లకు ఆ ప్రయోగంతో సంబంధం లేదు. అలాంటివి నమ్మి మందులు మానేసినవాళ్లను చూస్తున్నాం కాబట్టి ఈ మాట గట్టిగానే అనాలి.

నవ్వు నాలుగు విధాల చేటనే పాత మాట ఆ బంధువు ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆమెతో రాజీ ఏమీ జరగలేదు, జరిపించే ప్రయత్నమూ చేయలేదు. ఆదివారం ఇద్దరూ వేర్వేరు బెంచీల్లో కూర్చుంటారు.

ఈ పద్ధతి పట్టుకునేవాళ్లకు కొన్ని హద్దులు. పోయిన మనిషి ఇంట్లోవాళ్లను కొట్టినవాడైతే చిలిపి జ్ఞాపకాలు అడగొద్దు. అక్కడ అత్త నవ్వే కథలో కోడలికి దెబ్బలుండొచ్చు. ఆత్మహత్య జరిగిన ఇంట్లోనూ, బిడ్డ పోయిన ఇంట్లోనూ మొదటి ఏడాది నవ్వు సంగతి మనంతట మనం ఎత్తకూడదు, వాళ్లే ఎత్తితే వినాలి. పీహెచ్‌క్యూ-9లో 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చినా, తొమ్మిదో ప్రశ్నకు 0 కాకుండా వేరే ఏది వచ్చి దాని వెనక పథకం కనిపించినా, కూడికలూ సకినాలూ తర్వాత, ముందు మానసిక వైద్యుడి దగ్గరికి. తోడు ఒకరు వెళ్లాలి, చీటీ రాసిచ్చి బస్సెక్కిస్తే సరిపోదు.